నిప్పు పరిచిన వారధి

రాయి నీరై ప్రవహించిన కాలం ఒకటుంది. అప్పటికి మనిషి లేడు. స్తోత్రం లేదు, స్తోత్రం పలికే నోరు లేదు. పడమట నేల గుండె చీల్చుకుని అగ్ని పొంగింది. అరుణారుణమై, జ్వాలాకేసరమై, లోయలు వెతుక్కుంటూ, పాత నదుల పడకల వెంట తూర్పుకు నడిచింది. సుమారు వెయ్యి కిలోమీటర్లు నడిచి, తూర్పు సముద్రపు గాలి తగిలిన చోట, నేటి రాజమహేంద్రవరం దగ్గర గోదావరికి ఈ గట్టునా ఆ గట్టునా చల్లబడి, నల్లబడి, నిలిచిపోయింది. ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి మాట. భూమ్మీద ఇంతదూరం సాగిన లావా మరొకటి ఉండకపోవచ్చునని శాస్త్రజ్ఞులు అంటారు. కాతేరు దగ్గర చూసినా, పంగిడి మెట్టల్లో చూసినా, గౌరీపట్నం క్వారీల్లో చూసినా ఆ రాయే. లావా పొరల నడుమ గవ్వలు, ఆల్చిప్పలు దొరుకుతాయి. అగ్నికీ అగ్నికీ మధ్య చిక్కిన కాస్త వ్యవధిలోనే నీరు వచ్చి, ప్రాణాన్ని పొదిగి వెళ్లిన గుర్తులవి. నేను పుట్టింది ఆ రాతి మీద. మా ఇంటి పునాదిలో ఉన్నదీ, మా వీధిలో కంకరై పరుచుకున్నదీ ఆ నల్లరాయే.

ఆ మంట ఆరాక లక్షల ఏళ్లు గడిచాయి. భూగోళానికి వాయవ్యపు కొసన ఇంకో మహోత్సవం మొదలైంది. గ్రీన్‌లాండూ ఐరోపా చెయ్యి వదిలి దూరం జరుగుతుంటే, ఆ ఎడంలో ఉత్తర అట్లాంటిక్ పుడుతుంటే, పుట్టే సముద్రానికి హారతిగా నేల నుంచి మళ్లీ నిప్పు లేచింది. ఐర్లండు ఉత్తర తీరాన ఆంట్రిమ్ గడ్డ మీద పారింది. స్కాట్లండు పడమటి దీవుల మీద పారింది. పారి, ఆగి, ఆరి, ఎవరూ గీయని గీతల వెంట తనంత తానే చీలి, పలకలు తేలిన స్తంభాలై నిలబడింది.

తండ్రీ, ఒక మంట దగ్గర నన్నూ ఇంకో మంట దగ్గర నా స్నేహితురాలినీ పుట్టించాలని అప్పుడే తలచావా? నీకు తొందర లేదు. కోట్ల ఏళ్లు రాతిని ఆరబెట్టావు. వానతో కడిగావు. నాచు పట్టించి, నాచు మీద మన్ను పేర్చి, ఒకచోట వరిచేలు పచ్చగా ఊపావు, ఒకచోట గొర్రెలమందల్ని తెల్లగా మేపావు. అన్నీ అమర్చుకున్నాక, తీరిగ్గా, ఒక వానరోజు మధ్యాహ్నం మా ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టావు.

గ్లాస్గో వానల ఊరు. 1451లో పుట్టిన విశ్వవిద్యాలయం గుట్ట మీద గోపురమెత్తి నిలబడితే, దిగువన చెట్ల నీడలో కెల్విన్ నది గోధుమరంగు నీళ్లతో గొణుగుతూ పోతుంది. చదువుకోవడానికి వచ్చిన కొత్తలో ఆ ఊళ్లో నాకు తెలిసిన ముఖం లేదు. మధ్యాహ్నాలు నది దాటి కెల్విన్‌గ్రోవ్ మ్యూజియానికి వెళ్లేదాన్ని. 1901లో తెరిచిన ఆ ఎర్రరాతి సౌధంలో, నడిమి హాలు మేడ మీద, ఆ ఏడాదే చేసిన పెద్ద ఆర్గన్ వాద్యం ఉంది. ఒంటిగంటకు వాయిస్తారు. టికెట్టు లేదు. ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు: బడిపిల్లలు, ముసలివాళ్లు, వానకు తలదాచుకునేవాళ్లు. ఎంత ఉదారమైన నగరం! పరదేశి చెవికి కూడా పంక్తిలో విస్తరి వేసింది.

ఆవేళ నాదం హాలంతా నిండి, రాతి దూలాల మధ్య తిరిగి తిరిగి వస్తోంది. నా చెయ్యి దానంతటదే తొడ మీద ఆదితాళం వేస్తోంది. పక్కన తడిసిన కోటుతో కూర్చున్న అమ్మాయి నా వేళ్ల వంకే చూస్తూ, వాయిద్యం ఆగాక అడిగింది: "ఏం లెక్కపెడుతున్నావు?"

చూపించాను. ఒక దెబ్బ, చిటికెనవేలు, ఉంగరపువేలు, నడిమివేలు. దెబ్బ, విసురు. దెబ్బ, విసురు. తను తప్పకుండా పట్టుకుంది. మళ్లీ వేసింది. మళ్లీ. ఆ కాస్త సేపట్లో మా రెండు చేతులూ ఒకే కాలాన్ని కొలిచాయి. స్నేహం ఎప్పుడు మొదలైందని ఎవరైనా అడిగితే నేను ఆ రెండో విసురు చూపిస్తాను.

తరువాత టీ. తరువాత వాన. తరువాత ఇంకో టీ. మా ఊరి రాయి సంగతి నేను ఎందుకు ఎత్తానో గుర్తులేదు, ఎత్తించినవాడికి తెలుసు. విని తను కప్పు కింద పెట్టేసింది. తనదీ నల్లరాతి నేలే. జెయింట్స్ కాజ్‌వే నుంచి నడిచిపోయేంత దూరంలో తన ఇల్లు. సుమారు నలభైవేల శిలాస్తంభాలు మెట్లుమెట్లుగా సముద్రంలోకి దిగిపోయే తీరమది. 1986లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపద అని పేరుపెట్టి గౌరవించింది గానీ, తనకది చిన్నప్పుడు చెప్పుల్లేకుండా గెంతిన వాకిలి. ఆ మెట్లు ఎవరు కట్టారో నాయనమ్మ చెప్పిందట. ఫిన్ మక్కూల్ అనే ఐరిష్ భీమకాయుడు, అవతలి ఒడ్డున ఉన్న స్కాటిష్ భీమకాయుడితో తలపడటానికి, సముద్రం మీద వారధి కట్టాడట. దాని ఒక కొస వాళ్ల ఊళ్లో, ఇంకో కొస స్టాఫా అనే దీవిలో.

"ఈ కొస మీదే పెరిగాను. ఆ కొస ఇంతవరకూ చూడలేదు. పఫిన్ పక్షులు ఉన్నప్పుడే వెళ్దాం, వస్తావా?" అంది.

వారధి కథలు వింటూ పెరిగిన దేశం నాది. రానని ఎలా అంటాను?

జూన్‌లో, పరీక్షలు అయిపోయాక, ఒక శనివారం పొద్దున్నే క్వీన్ స్ట్రీట్ స్టేషన్లో రైలెక్కాం. ఊరు వెనకబడింది. క్లైడ్ నది వెడల్పై వెడల్పై సముద్రంలో కలిసింది. ఆ తరువాత చూసిందంతా ఎలా చెప్పను? ఎడమవైపు లాక్ లాంగ్, ఉప్పునీటి పాయ, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు చెయ్యి. కుడివైపు లాక్ లోమండ్, మంచినీటి నిండుకుండ, దీవులనూ మబ్బులనూ ఒకే నిశ్చలత్వంలో మోస్తూ. రైలు కొండచరియను హత్తుకుని పోతుంటే కిటికీలకు ఓక్ కొమ్మలు రాసుకుంటున్నాయి. పట్టాల పక్కన ఊదారంగు ఫాక్స్‌గ్లవ్ పూలు బారులు తీరాయి. ఏటవాలు మీద నుంచి ఎన్ని సెలయేళ్లు! తెల్లగా, సన్నగా, పేరున్నవీ పేరులేనివీ, ఒక్కొక్కటీ ఒక్కొక్క నామమై, కొండ నోట సహస్రనామంలా జారుతున్నాయి. క్రియన్‌లారిచ్‌లో రైలు రెండుగా విడిపోయింది. ఒక సగం ఉత్తరానికి, మా సగం పడమటికి. లాక్ ఆ అనే సరస్సు అంచున కిల్చర్న్ కోట, కప్పులేని గోడలతో, ఆకాశాన్నే కప్పుగా వేసుకుని కనిపించింది. ఇలా ఉంది, అలా ఉంది అని తను చెప్పలేదు, నేను చెప్పలేదు. మోచేత్తో ఒకళ్లనొకళ్లు పొడుచుకున్నాం, అంతే. పక్కన ఉన్న మనిషి కళ్లు కూడా అటే తిరిగాయని తెలియడంలో చూపు రెట్టింపవుతుంది. ఒంటరిగా చూసినప్పుడు అందం నన్ను కొంచెం భయపెట్టేది. ఆ రోజు భయపెట్టలేదు.

ఓబన్ రేవు. ఊరి నెత్తిన, కిరీటంలా, గుండ్రటి రాతి కట్టడం ఒకటుంది. మెకైగ్ అనే బ్యాంకరు, చలికాలంలో పనిలేని తాపీవాళ్లకు కూలి దొరకాలని, 1897లో మొదలుపెట్టించాడు. 1902లో ఆయన పోయాడు, పని ఆగిపోయింది. లోపల గదులు లేవు, చెట్లున్నాయి. కానీ కొన్ని శీతకాలాలు కొన్ని ఇళ్లలో పొయ్యి వెలిగింది కదా! నా మటుకు అది పూర్తయిన గుడే.

మల్ దీవికి ఓడ కదిలింది. లిస్మోర్ దీవి కొసన 1833 నాటి తెల్లటి దీపస్తంభం, అవతల గుట్ట మీద డ్యువర్ట్ కోట, వెనక మల్ దీవి కొండలు నీలం మీద నీలం మీద నీలం. డెక్కు మీద గాలికి జుట్టు ఎగిరిపోతుంటే డబ్బా మూత తీశాను. నిమ్మకాయ పులిహోర. తను రుమాలు విప్పింది. సోడా బ్రెడ్డు, మందంగా వెన్న. నా పిడికెడు తన చేతిలోకి, తన ముక్క నా చేతిలోకి. తను పచ్చిమిర్చి కొరికి కళ్లనీళ్లు పెట్టుకుని, మళ్లీ చెయ్యి చాపింది. అన్నపూర్ణా, నీ వంటింటికి ఎన్ని గుమ్మాలు తల్లీ! ఒక్కొక్క గుమ్మంలో ఒక్కొక్క రుచై ఎదురొస్తావు.

మల్ దీవిలో బస్సు అరవై కిలోమీటర్ల దాకా పోయింది. చాలామటుకు ఒక్క బండికే సరిపడే రోడ్డు. అక్కడక్కడ కాస్త వెడల్పు చేసి ఉంచారు. ఎదురుగా బండి వస్తే ఎవరు దగ్గరుంటే వాళ్లు అక్కడ ఆగి దారిస్తారు. దారి పొందినవాళ్లు చెయ్యెత్తి దండం పెట్టి పోతారు. దారి పొడుగునా ఇదే. ఆగడం, ఇవ్వడం, చెయ్యెత్తడం. ఇంత చిన్న మర్యాద ఇంత పెద్ద కొండల మధ్య ఎంత దివ్యంగా ఉందో!

బస్సు దిగి చిన్న ఓడెక్కితే పది నిమిషాలు. అయోనా.

ఐదారు కిలోమీటర్ల పొడవున్న చిన్న దీవి. కానీ అడుగుపెట్టగానే గొంతు తగ్గించాలనిపిస్తుంది. తెల్లటి ఇసుక. ఇసుక మీద పారదర్శకమైన ఆకుపచ్చ నీరు, లోతుకు పోయేకొద్దీ నెమలికంఠపు నీలం. 563లో కొలంబా అనే సన్యాసి ఐర్లండు నుంచి, పన్నెండుమంది సహచరులతో, తోలు కప్పిన పడవలో వచ్చి ఇక్కడ దిగాడని చెబుతారు. వెనక్కి తిరిగి చూస్తే పుట్టిన నేల కనబడని చోటు కోసం వెతికి వెతికి ఇక్కడ ఆగాడట. దక్షిణాన ఆయన దిగిన రేవు దాకా, గొర్రెల బాట వెంట, బురదలో, గడ్డిలో నడిచాం. ఒడ్డంతా గులకరాళ్లు. అల వెనక్కి పోయినప్పుడల్లా ఆ రాళ్లన్నీ ఒక్కసారి దొర్లి, గలగలమని జపం చేస్తాయి. వాటిలో అక్కడక్కడ తడిసి మెరిసే పచ్చరాళ్లు. తను ఆ సముద్రం వంక చాలాసేపు చూసింది. "మా ఒడ్డు నుంచి ఆకాశం తేటగా ఉన్నరోజు స్కాట్లండు కనిపిస్తుంది. ఇక్కణ్నుంచి మా ఇల్లు కనిపించదు," అంది. నేనూ చూశాను. నా ఇల్లూ కనిపించలేదు. ఇద్దరికీ కనబడని దిక్కు వైపు ఇద్దరం కలిసి నిలబడితే, ఆ దూరం బరువు తగ్గింది.

ఆ మహాత్ముడు 597లో కన్నుమూశాడు. కన్నుమూసే రోజున, మఠానికి పాలు మోసే తెల్లగుర్రం వచ్చి, ఆయన ఒడిలో తల పెట్టి ఏడ్చిందని ఆయన చరిత్ర రాసిన అడమ్నాన్ చెప్పాడు. పశువుకు తెలిసింది! తరువాత వైకింగులు వచ్చారు, కాల్చారు, చంపారు. 806లోనే 68 మందిని. అయినా 8వ శతాబ్దిలో ఒంటి రాతిలో చెక్కి నిలిపిన సెయింట్ మార్టిన్ శిలువ, నిలిపిన చోటనే, ఇవాళ్టికీ గాలిలో నిలబడి ఉంది. ఒకవైపు తల్లి ఒడిలో బిడ్డ. ఇంకోవైపు చుట్టలు చుట్టుకున్న సర్పాలు. నాగశిలలకు పసుపు కుంకుమ పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ సర్పాల ముందు చేతులు జోడించకుండా ఎలా ఉంటాను?

రాత్రి తొమ్మిదికి మఠంలో ప్రార్థన. జూన్ కనుక బయట ఇంకా పగలే. కిటికీల్లోంచి వెలుగు వాలుగా వచ్చి పాత రాళ్ల మీద తేనెరంగుగా పరుచుకుంది. తను పాడింది. తనకు అంత లేత గొంతు ఉందని అప్పుడే తెలిసింది. నాకు ఆ పాట రాదు. నాకొచ్చిన నామం నేను లోపల చెప్పుకున్నాను. రెండూ ఒకే కప్పు కింద, ఒకే వెలుగులో, ఒకదానికొకటి అడ్డం రాకుండా పైకి వెళ్లాయి. ప్రభూ, నిన్ను ఎన్ని భాషల్లో పిలిచినా నీ చెవి తడబడదు. తల్లి చెవి నీది.

పదిన్నర దాకా చీకటి పడలేదు. పడమటి తీరాన కూర్చున్నాం. సూర్యుడు దిగడానికి ఇష్టపడక, దిగంతం మీద పక్కకు పక్కకు జరుగుతూ, నీటి మీద బంగారాన్ని వెండి చేసి, వెండిని గులాబి చేసి, గులాబిని ఊదా చేసి ఆడుకున్నాడు.

ఆదివారం పొద్దున స్టాఫాకు పడవ. అలలు పడవను ఎత్తి దించుతున్నాయి. ముందు ఒక నల్లటి గీత. తరువాత గీత మీద పచ్చటి కప్పు. దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం లేచి నిలబడిపోయాం. పడవ నడిపే ఆయన కూర్చోమని కేకేస్తే తప్ప కూర్చోలేదు.

ఏమని చెప్పను స్వామీ, నీ వేయికాళ్ల మండపాన్ని! సముద్రం లోంచి నిట్టనిలువుగా లేచిన కృష్ణశిలాస్తంభశ్రేణి. స్తంభం పక్కన స్తంభం పక్కన స్తంభం, దారం పట్టి సూటి చూసి చెక్కినట్టు, ఎక్కువభాగం ఆరు పలకలు, కొన్ని ఐదు, కొన్ని ఏడు, ఒకదాని అంచు ఇంకొకదానికి ఎడం లేకుండా అమరి, పైన ముడుతలు పడ్డ రాతి చూరును మోస్తూ. నడుమ గుహ, ఫింగల్ గుహ, నల్లటి గర్భాలయం. లోతు డెబ్బై మీటర్ల దాకా ఉంటుంది. సముద్రం తిన్నగా లోపలికి వెళ్లి, ఆ చివర శిరస్సు ఆనించి, ఓంకారం చెప్పి, తిరిగి వస్తుంది. మళ్లీ వెళ్తుంది. ఇక్కడ సముద్రమే అర్చకుడు. అభిషేకజలమూ సముద్రమే.

ఈ పలకలు ఎలా వచ్చాయి? చెరువు ఎండితే అడుగున ఒండ్రు బీటలు వారినట్టే. మరిగే రాయి పైనుంచీ కిందినుంచీ చల్లారుతుంటే ముడుచుకుంటుంది. ముడుచుకుంటే చీలుతుంది. మూడు చీలికలు సమానమైన కోణాల్లో కలిసే చోట శక్తి తక్కువ ఖర్చవుతుంది కనుక, చీలిక ఆ కోణాన్నే వెతుక్కుంటుంది. ఆ కోణాలు కలిస్తే ఆరు పలకలు. చల్లదనం లోపలికి దిగేకొద్దీ చీలికా దిగుతుంది, స్తంభం తయారవుతుంది. కారణం తెలిస్తే ఆశ్చర్యం పోతుందని ఎవరన్నారో గానీ, నాకు కారణం తెలిశాకనే ఒళ్లు గగుర్పొడిచింది. రాయికి కూడా వ్యర్థం చెయ్యకూడదని తెలుసు! చల్లారడంలో కూడా ఛందస్సు ఉంది! కోపమంతటి వేడిలోంచి ఇంత క్రమాన్ని తీసిన చెయ్యి ఎంత ఓర్పు గలది!

1829లో మెండెల్సన్ అనే యువకుడు, ఇరవై ఏళ్లవాడు, ఈ దీవులకు వచ్చి, ఇక్కడి సముద్రాన్ని విని, హెబ్రిడీస్ అనే వాద్యరచన చేశాడు. రాక ముందు చెవికి పెట్టుకుని చాలాసార్లు విన్నాను. గొప్పది. కానీ గుహ ముందు నిలబడ్డాక అనిపించింది, ఆ ఘోషలో ఆయన దోసిలికి అందినంతే పట్టుకోగలిగాడని. ఆ దోసెడే లోకానికి దాదాపు రెండువందల ఏళ్లుగా చాలుతోంది.

విరిగిన స్తంభాల తలల మీద అడుగులు వేస్తూ నడిచాం. తను చెప్పులు విప్పేసింది. కళ్లు మూసుకుని ఒక రాతి నుంచి ఇంకో రాతికి గెంతింది. చిన్నప్పటి కాళ్లకు ఆ దూరం గుర్తుందట. "మా వాకిలే," అంది, "అచ్చం మా వాకిలే." నేను వంగి రాతి మీద అరచెయ్యి ఆనించాను. గరుకుగా, చల్లగా, ఉప్పగా, మా క్వారీల రాయే. అచ్చం మా రాయే. ఆ భీమకాయుడు ఈ దారిని కయ్యానికి కట్టుకున్నాడట. మేం నెయ్యానికి నడిచాం. నాకు తెలిసి దీన్ని పరిచినవాడి ఉద్దేశం మొదటినుంచీ ఇదే.

మెట్లెక్కి పైకి పోతే గడ్డిభూమి, గాలి, గట్టు అంచున పఫిన్లు! నల్లటి వీపు, తెల్లటి రొమ్ము, ముక్కు మీద నారింజ, పసుపు, బూడిదనీలం. చలికాలమంతా నడిసముద్రంలో గడిపి, వసంతానికి వస్తాయి. చాలామటుకు పాత జతే, పాత బొరియే. ఏడాదికి ఒక్కటే గుడ్డు. ముక్కుకు ఆ రంగులు కూడా ఈ కాపురం రోజుల వరకే, తరువాత రాలిపోతాయి. మనుషులు దగ్గరుంటే పెద్ద గల్ పక్షులు జంకుతాయట, అందుకని ఇవి మన పక్కనే వాలుతాయట. నిజంగానే వాలాయి. చెయ్యి చాపితే అందేంత దూరంలో, ముక్కున వెండితీగల్లాంటి చేపపిల్లలు వేలాడుతుండగా, ఒకటి నా మొహంలోకి తల వంచి చూసి, బొరియలో బిడ్డ దగ్గరికి దూరిపోయింది. తను నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఊపిరి కూడా మెల్లిగా తీసుకున్నాం. ఇంత చిన్న ప్రాణి నన్ను కాపలాగా నమ్మింది! దయామయా, నీ నమ్మకంలో ఒక చిటికెడు దాని గుండెలో పెట్టావు. దానికి తగినదాన్నిగా నన్ను ఉంచు.

సాయంత్రం ఓబన్ స్టేషన్లో, రైలు రావడానికి కాస్త వ్యవధి ఉండగా, అమ్మ ఫోన్ చేసింది. అక్కడ రాత్రి పొద్దుపోయినా నిద్రపోకుండా కూర్చుంది. "పులిహోర ఆ పిల్లకి కూడా పెట్టావా?" అన్నది మొదటి మాట. తను ఫోన్ లాక్కుని, దారిపొడుగునా నేర్చుకున్నది కూడదీసుకుని, "బాగుంది అమ్మా" అంది. అటునుంచి అమ్మ నవ్వు. తరువాత ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, నేను మధ్యలో అటుదిటూ ఇటుదటూ అందించాను. 2027లో పుష్కరాలు ఉన్నాయని అమ్మ చెప్పింది. పన్నెండేళ్లకోసారి గురుగ్రహం సింహరాశిలో అడుగుపెట్టినప్పుడు గోదావరి పండగ చేసుకుంటుందని నేను వివరిస్తే, తను కళ్లు పెద్దవి చేసి, సెలవుల లెక్క అప్పుడే మొదలుపెట్టింది.

"ఒక్కర్తినే తీసుకురాకు, వాళ్ల అమ్మా నాన్నల్ని కూడా రమ్మను," అంది అమ్మ. "కాతేరు రాయి చూపిద్దాం, ఘాట్‌కి తీసుకెళ్దాం. పడుకోవడానికి మేడ మీద గది ఉంది. నేను కారం తగ్గించి వండుతాలే, ఆ పిల్లని భయపడొద్దని చెప్పు."